ఉతుక్కి రాని గుడ్డ

"టార్చి సరిగ్గా పట్టుకో" అన్నారు మా ఆయన, బానెట్ కింద నుంచి తలెత్తకుండానే.

సరిగ్గానే పట్టుకున్నాను. ఆయన తలే అడ్డం వచ్చింది. తల అడ్డం వస్తే వెలుగు తల మీదే పడుతుంది, అందులో నేను చేయగలిగిందేమీ లేదు. ఆ సంగతి ఆయనతో చెప్పడం ఎప్పుడో మానేశాను. చెప్పేబదులు ఓ అడుగు పక్కకి జరిగి, నడుం విరిగేలా వంగి, చెయ్యి చాపి పట్టుకుంటే పనైపోతుంది. మా ఆయన బండిని మెకానిక్‌కి చూపించరు. "వాళ్ళ చేతికిస్తే ఉన్న రోగం పోదు, లేని రోగం తగులుతుంది" అంటారు. ఆఫీసులో ఆయన పని అంతా కాగితాల మీదే. అందుకేనేమో చేతికి మసి అంటే ఆయనకి అంత సరదా. అప్పుడప్పుడూ ఓ ఆదివారం షెడ్డులో పాత చాప పరుచుకుని, స్పానర్ల డబ్బా తెరుచుకుని కూచుంటారు. "మా బండి పనంతా నేనొక్కణ్ణే చేసుకుంటాను" అని బంధువుల్లో గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఒక్కడి పక్కన టార్చి పట్టుకునేది నేను. అడిగిన స్పానర్ అందించేది, అది కాదని కసురుకుంటే ఇంకోటి అందించేది, ఊడదీసిన బోల్టులు పళ్ళెంలో వరసగా పేర్చేది, మధ్యలో కాఫీ తెచ్చేది, అయ్యాక మసి చొక్కా నానబెట్టేది, షెడ్డు నేల కడిగేది నేను. గుడ్డలు కూడా నావే. ఇంట్లో పాతబడిన ప్రతి బట్టా నా చేతుల్లోనే చిరిగి, ఆ మసిలోకి వెళ్ళి, మళ్ళీ నా బక్కెట్లోకే వస్తుంది.

వారంగా బండికి నిలకడ లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే చలిజ్వరం వచ్చినట్టు ఒళ్ళంతా వణుకుతోంది. థ్రాటిల్ బాడీ మసిబారి ఉంటుందని, ఇంజెక్టర్లు కూడా పూడుకుపోయి ఉంటాయని ఆయన తేల్చారు. పై వాటాలో ఉండే బ్యాంకాయన బండి కూడా ఇదే రకం, అదీ వణుకుతోందట. చూసి నేర్చుకుందామని దిగివచ్చి గోడకి చేరగిలబడ్డాడు. వినేవాడు దొరికాడంటే మా ఆయనకి ఇక పట్టపగ్గాలుండవు. షెడ్డుకి ఎదురుగా వంటింటి గుమ్మంలో మా అత్తగారు కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

ముందు ఇంజెక్టర్ల పని. ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే వేలెడంత ముక్కులు అవి, నాలుగు. ఒక్కోదానికీ వెనక నుంచి కడిగే మందు స్ప్రే డబ్బా గొట్టం తగిలించి ఆయన నొక్కుతారు. దాని రెండు తీగల కొసలూ చిన్న బ్యాటరీకి తాకించి తీయడం నా వంతు. తాకించినప్పుడల్లా టిక్కుమని ముక్కు తెరుచుకుని మందు బయటికి చిమ్ముతుంది. శుభ్రంగా ఉంటే పొగమంచులా వస్తుంది. లేకపోతే కారుతుంది.

"మూడోది కారుతోందండీ. చిమ్మడం లేదు" అన్నాను.

"నీకేం తెలుస్తుంది అంత సన్నది? నువ్వు తీగ తాకించు చాలు."

నీళ్ళు చూసి బతికిన కళ్ళు నావి. గాజు సీసాలో నీళ్ళు పోసి వెలుగుకి ఎత్తి పట్టుకుంటే అందులో తేలే నలుసు ఏమిటో చెప్పగలిగిన రోజులుండేవి. ఆ మాట అనలేదు. తీగ తాకించాను.

పెళ్ళికి ముందు నుంచీ నీటి పరీక్షల ల్యాబ్‌లో పని నాది. ఊరు చుట్టూ ఉన్న ట్యాంకుల దగ్గరికి బండిలో వెళ్ళి, సీసాల్లో నీళ్ళు పట్టి, ఐసు డబ్బాలో పెట్టుకుని, అవి పాడవకముందే ల్యాబ్‌కి చేర్చాలి. పెళ్ళయ్యాక ఈ బండి కొన్నదే నా ఉద్యోగం చూపించి. ఆయన ఆఫీసు బస్సులో వెళ్ళేవారు, బండి నా చేతిలో ఉండేది. పొద్దున్నే అద్దాలు దించుకుని ఊరు దాటుతుంటే ఈ దారంతా నాదే అనిపించేది. ఎత్తయిన ట్యాంకు నిచ్చెనెక్కి మూత తీసి లోపలికి చూస్తే చీకట్లో ఒక గుండ్రటి ఆకాశం కదిలేది. ఆ పని అంటే నాకు ప్రాణం. ఇప్పుడు ఇంటికి నడిచి వెళ్ళే దూరంలో ఉన్న స్కూలు ఆఫీసులో గుమాస్తాని. అక్కడా నీళ్ళ పని తప్పలేదు. ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే ప్రిన్సిపాల్ గారు గదిలోంచి కేక వేస్తారు, "మేడమ్, కాస్త వీళ్ళకి మంచినీళ్ళు చూడండి" అని. గ్లాసుల్లో పోసేటప్పుడు చెయ్యి తనంతట తనే గ్లాసుని వెలుగుకి ఎత్తుతుంది. నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

పోయిన వారం ల్యాబ్ మేడమ్ ఫోన్ చేశారు. అప్పట్లో నాకు పై అధికారి ఆవిడ. ఊరి బయట కొత్త కేంద్రం పెడుతున్నారట. "నీలాంటి కన్ను మళ్ళీ దొరకలేదే నాకు. వచ్చెయ్. బండి మాత్రం నువ్వే నడుపుకోవాలి" అన్నారు. నాకు డ్రైవింగ్ కుదరదు మేడమ్ అన్నాను. "సోమవారం దాకా చూస్తాను. ఆ తర్వాత ఇంకొకర్ని తీసుకుంటాను" అని పెట్టేశారు. రాత్రి అన్నం దగ్గర ఆ మాట చెబితే మా ఆయన నవ్వేశారు. "వంతెనల్లేని ఊళ్ళో అయితే ఒప్పుకో" అన్నారు. హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి ఫోన్లో చెబితే అదీ నవ్వింది, "అమ్మా, వంతెన రాణీ, నీకెందుకే ఈ వయసులో" అని. మా ఇంట్లో అది నా బిరుదు. ఎవరొచ్చినా నా డ్రైవింగ్ కథ ఒక్కసారైనా చెప్పుకుని నవ్వుకోవాలి. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే రోషం అంటారు.

రేపే సోమవారం.

ఇంజెక్టర్లు పక్కన పెట్టి మా ఆయన థ్రాటిల్ బాడీ చేతికి తీసుకున్నారు. అప్పటికే గాలి గొట్టం లాగేసి, బోల్టులు విప్పేశారు. గుప్పిట్లో పట్టే అల్యూమినియం ముద్ద, మధ్యలో గుండ్రటి రంధ్రం, ఆ రంధ్రానికి అడ్డంగా పల్చటి రేకు తలుపు. తలుపు అంచు చుట్టూ నల్లగా జిడ్డు మసి కట్టుకుపోయి ఉంది. దాన్ని బ్యాంకాయన కళ్ళ ముందు పెట్టి మా ఆయన పాఠం మొదలుపెట్టారు.

"ఈ తలుపు ఎంత తెరుచుకుంటే ఇంజన్‌కి అంత గాలి. మసి పట్టి సందు పూడుకుపోయిందనుకోండి, బండిలో కంప్యూటర్ ఏం చేస్తుందో తెలుసా? తలుపు కాస్త ఎక్కువ తెరిచి సర్దుకుపోతుంది. రోజులు గడిచేకొద్దీ అదే అలవాటైపోతుంది. ఇప్పుడు మనం కడిగేశామా, దానికి ఆ సంగతి తెలీదు. పాత అలవాటు ప్రకారం అంతే తెరుస్తుంది. గాలి ఎక్కువైపోయి ఇంజన్ గోలగోలగా అరుస్తుంది. అప్పుడు కంగారు పడి ఏదో ఒకటి చెయ్యకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండా వదిలేస్తే కాసేపటికి అదే నేర్చుకుని తగ్గుతుంది."

"అంటే మా ఆవిడ లాగా అన్నమాట. అరవనిస్తే అదే తగ్గుతుంది" అన్నాడు బ్యాంకాయన. ఇద్దరూ పగలబడి నవ్వారు. వాళ్ళావిడ పైన బట్టలు ఆరేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"గుడ్డ" అని చెయ్యి చాపారు మా ఆయన. పాత కర్టెన్ చింపిన ముక్కలు ఇచ్చాను. ఒకటి ఇంజన్ నోట్లో కుక్కారు, దుమ్మూ ధూళీ పడకుండా. ఇంకోటి గాలి గొట్టం నోట్లో కుక్కారు. కుక్కి, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వుకున్నారు.

"ఒకటి మాత్రం జాగ్రత్త. కుక్కిన గుడ్డ తియ్యడం మర్చిపోకండి. నేనోసారి ఇదిగో ఈ గొట్టంలోనే మర్చిపోయి బిగించేశాను. దొంగ రోగం పట్టుకుంది బండికి. చదునుగా ఉన్న రోడ్డు మీద నెమ్మదిగా పోతే అసలేమీ తెలీదు, గుడ్డ వెనక్కి జారి పడుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కామా, గాలితో పాటు గుడ్డా వచ్చి ఈ తలుపుకి అతుక్కుంటుంది. ఊపిరాడక బండి ఠక్కున చస్తుంది. ఆగిపోయాక గుడ్డ మళ్ళీ వెనక్కి జారిపోతుంది. తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది! మళ్ళీ విప్పినప్పుడు కదా దొరికింది. ఎంత నవ్వుకున్నానో."

"ఎప్పుడండీ?" అన్నాను.

"ఏంటి ఎప్పుడు?"

"ఆ గుడ్డ."

"ఎప్పుడో. పాప బడిలో చేరిన కొత్తల్లో. పసుపు పూల గుడ్డ. ఏయ్, టార్చి!"

టార్చి వెలుగు గోడ మీదకి పోయింది. నా చెయ్యి ఎప్పుడు దిగిపోయిందో నాకు తెలీదు.

తెల్ల నైటీ, పసుపు పూలు. కాన్పుకి ముందు కొనుక్కున్నది, మెత్తటి గుడ్డ అని పారెయ్యబుద్ధి కాక చిరుగులు కుట్టుకుని కుట్టుకుని వాడాను. చివరికి ఆయన గుడ్డలు కావాలంటే దాని చేతులు రెండూ చింపి ఇచ్చాను. సాయంత్రం మసి గుడ్డలు నానబెడుతుంటే ఒక చెయ్యే కనిపించింది. వెళ్ళి అడిగాను కూడా. "రెండో చెయ్యి ఏదండీ?" ఆయన పేపర్ దించలేదు. "గుడ్డపేలికకి కూడా ఆరాలేనా? ఏ పిల్లో ఎత్తుకుపోయుంటుంది." అక్కడే ఉన్న అత్తగారు నవ్వారు. నేను బక్కెట్ దగ్గరికి వెళ్ళిపోయాను. అడిగాను. అడిగి వదిలేశాను. ఇంకొక్కసారి అడిగి ఉంటే, చాప కింద వెతుకుతానని మొండికేసి ఉంటే, బానెట్ ఎత్తండి చూద్దాం అని ఉంటే. ఎవరడుగుతారు ఒక గుడ్డపేలిక కోసం అంతగా?

ఆ తర్వాతే బండి వంతెన మీద ఆగింది. వంతెన ఎక్కుతుంటే సరిగ్గా మధ్యలో, ఏ దగ్గూ ఏ తుమ్మూ లేకుండా. వెనక హారన్లు. స్కూటర్ మీద పోతున్న ఒకాయన వంగి, "ఇంట్లో కూచోక ఎందుకమ్మా మీకివన్నీ" అని చెప్పి మరీ వెళ్ళాడు. చెమటలు కక్కుతూ తాళం తిప్పితే స్టార్టయింది. సాయంత్రం మా ఆయన బండి వీధి చివరిదాకా తిప్పుకొచ్చి తాళాలు బల్ల మీద పడేశారు. "నాకు బాగానే నడిచిందే! క్లచ్ మీద కాలు ఎప్పుడు తియ్యాలో నీకు తెలీదు, అదీ సంగతి" అన్నారు. లేదండీ, బండిలోనే ఏదో ఉంది అన్నాను. గుమ్మంలోంచి అత్తగారు అందుకున్నారు, "ఆడలేక మద్దెల ఓడందట!" అని. మళ్ళీ ఆగింది. మళ్ళీ వంతెన మీదే. వంతెన దాటకుండా ల్యాబ్‌కి దారి లేదు. సీసాల్లో నీళ్ళు ఆలస్యమై ఒకరోజు మొత్తం పారబోయాల్సి వచ్చింది. మొగుడు కొట్టినందుకు కాదు తోటికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, బండి ఆగినందుకు కాదు గాని, ల్యాబ్‌లో మగవాళ్ళు కిటికీ దగ్గరికొచ్చి నా పార్కింగ్ చూసి నవ్వుకోవడం మొదలుపెట్టాక నాకు వంతెన అంటేనే వణుకు పుట్టింది. కాలు ఎక్కడ పెడుతున్నానో నాకే అనుమానం. రాత్రుళ్ళు మంచం మీద పడుకుని దుప్పటి కింద కాళ్ళతో క్లచ్ తొక్కుతూ వదులుతూ నేర్చుకున్నాను, పద్ధతిగా నేర్చుకుంటే మాట పడక్కర్లేదని.

చివరిసారి పాప వెనక సీట్లో ఉంది. ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచోవడం దానికి సరదా. బండి ఆగిపోయింది. వెనక లారీవాడు బ్రేకు వేశాడు గాని పూర్తిగా ఆగలేదు, చిన్నగా తగిలాడు. పాప ఎగిరి వచ్చి ముందు సీటు కమ్మీకి కొట్టుకుంది. పెదవి చిట్లింది. ఐసు ముక్కలు, రక్తం, నీళ్ళు. రక్తం కంటే ఎక్కువగా నాకు గుర్తున్నది దాని చూపు. ఏడవలేదు, అమ్మ ఏం చేసిందా అన్నట్టు చూసింది. ఆసుపత్రి వరండాలో మా ఆయన నాతో ఒకే మాట అన్నారు. "ఉద్యోగం కావాలా, పిల్ల కావాలా?" తాళాలు ఆయన చేతిలో పెట్టాను. రెండూ నా చేతుల్లోనే ఉండాల్సినవని ఆ క్షణంలో తోచలేదు. తోచినా అనే నోరు లేదు. పిల్ల మూతి మీద కుట్లు వేయించినదాన్ని నేను.

ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కింది పెదవికి కుడివైపు, నవ్వినప్పుడు కాస్త లాగుతుంది. దాని మీద నేను రాయని క్రీము లేదు. ఎవరైనా అదేమిటని అడిగితే అమ్మాయి సరదాగా చెబుతుంది, "మా అమ్మ డ్రైవింగ్ గుర్తు" అని. అలా అన్నప్పుడల్లా లోపల ఏదో ముడుచుకుంటుంది. ఇది నా చేతకానితనం, నా పిల్ల ముఖం మీద అచ్చు వేశాను అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. ఏ పని ఒప్పుకోవాలన్నా అది గుర్తొచ్చేది. ఇంట్లో ఏదైనా పగిలినా, మాడినా, మర్చిపోయినా ముందు నా వైపే చూసుకునేదాన్ని. చిన్నగా ఉండటం నేర్చుకున్నాను. నడిచే దూరంలో ఉన్న ఉద్యోగం, నడిచే దూరంలో ఉన్న బజారు, నడిచే దూరంలో ఉన్న కోరికలు.

నేను చింపి ఇచ్చిన నైటీ చెయ్యి! అంతా అదే.

"దొరికినప్పుడు నాకెందుకు చెప్పలేదండీ?"

మా ఆయన బ్రష్‌తో రేకు తలుపు అంచు రుద్దుతున్నారు. "ఏది?"

"ఆ గుడ్డ దొరికిందని."

"చెప్పడానికేముంది అందులో? అప్పటికి నువ్వు నడపడం మానేశావుగా."

ఆయన ముఖం వంక చూశాను. దాచిన మనిషి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు, దానికోసం వెతికాను. ఎక్కడా లేదు. నిజంగానే ఆయనకి ఆ గుడ్డకీ నాకూ సంబంధం ఉందని తోచలేదు. గుడ్డ దొరికింది, బండి బాగుపడింది, కథ అయిపోయింది. దాచిపెట్టారంటే కోపమైనా వచ్చేది, ఒకప్పుడు నాకు భయపడ్డారన్న తృప్తయినా మిగిలేది. చెప్పదగ్గ విషయమే అనుకోలేదు. నా గొంతు అంత నెమ్మదిగా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"వంతెన మీద బండి ఆగింది ఆ గుడ్డ వల్ల. పాప పెదవి చిట్లింది ఆ గుడ్డ వల్ల. నేను ఉద్యోగం మానేసింది కూడా."

బ్రష్ ఆగింది. బ్యాంకాయన తన చెప్పుల వంక చూసుకోవడం మొదలుపెట్టాడు. "అబ్బ, ఇప్పుడెందుకు ఆ పాత చింతకాయ పచ్చడి?" అన్నారు మా ఆయన. అని, బ్రష్ మళ్ళీ ఆడించబోతూ, "అయినా గుడ్డ వల్లనే అని ఏముంది, నీ క్లచ్ కూడా..." అన్నారు. ఆ మాట ఆయనే పూర్తి చెయ్యలేకపోయారు.

వంటింటి గుమ్మంలో చిక్కుడుకాయల చప్పుడు ఆగిపోయింది.

"ఒరే" అన్నారు అత్తగారు. "అయితే మద్దెల నిజంగానే ఓడేనట్రా?"

"ఏ మద్దెల అమ్మా?"

ఆవిడ నా వైపు చూశారు, ఒళ్ళో చిక్కుడుకాయలు అలాగే ఉన్నాయి. ఆ పెద్దావిడ కళ్ళల్లో నేను అంత సూటిగా చూసింది అదే మొదటిసారేమో. "నేనూ అన్నాను కదే అప్పుడు" అన్నారు మెల్లగా. అనలేదత్తయ్యా అనడానికి నాకు నోరు రాలేదు. అన్నారు మరి. తలా ఒక మాట అన్నారు, అన్నీ నేను నమ్మాను. నాకు ఎక్కువ బాధ కలిగించింది వాళ్ళ మాటలు కాదు. బండిలో ఏదో ఉందని నా కాళ్ళకి తెలుసు, గుడ్డ తక్కువైందని నా చేతులకి తెలుసు. నా కాళ్ళనీ చేతుల్నీ కాదని వాళ్ళ నోళ్ళని నమ్మాను. ఆ ట్యాంకుల మీద ఎండ, ఆ నిచ్చెనలు, ఆ గుండ్రటి ఆకాశం, అన్నీ పోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

టార్చి బ్యాంకాయన చేతిలో పెట్టాను. "కాస్త పట్టుకోండి అన్నయ్యగారూ." ఆయన కంగారుగా పట్టుకున్నాడు. వంగి మూడో ఇంజెక్టర్ తీసుకున్నాను.

"ఇది మళ్ళీ కడగాలి. ఇంకా కారుతోంది."

గొట్టం తగిలించి, ఒక చేత్తో డబ్బా నొక్కుతూ ఇంకో చేత్తో తీగ తాకించాను. టిక్. కారింది. టిక్. ఇంకా కారింది. వెలుగుకి ఎత్తి, తిప్పి చూసి, మళ్ళీ మందు పట్టించాను. కళ్ళు మండుతున్నాయి, మందు వాసనకో మరి దేనికో. టిక్ టిక్ మంటూ ఉండగా ఉన్నట్టుండి ముక్కు విడిపోయింది. పల్చటి పొగమంచు గాల్లోకి లేచింది. "భలే వదినగారూ" అన్నాడు బ్యాంకాయన, మా ఆయన వంక చూసి నాలిక కరుచుకున్నాడు.

రబ్బరు రింగులకి నూనె రాసి నాలుగూ అందించాను. మా ఆయన బిగించారు. థ్రాటిల్ బాడీ కూడా తెల్లగా వచ్చింది, రేకు తలుపు చుట్టూ వెన్నెల్లాంటి సందు కనిపిస్తోంది. అది కూర్చోబెట్టే ముందు ఇంజన్ నోట్లోని గుడ్డ నేనే తీశాను. గాలి గొట్టం నోట్లోని గుడ్డ తీశాను. గొట్టంలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమి చూశాను. చాప మీద గుడ్డలన్నీ ఒకదానికొకటి ఆనించి చూసుకున్నాను. కర్టెన్ కర్టెన్‌గా తిరిగి వచ్చింది. మా ఆయన స్పానర్ పట్టుకుని నిలబడి ఉన్నారు, నేను సరే అనేదాకా.

స్టార్ట్ చేసేటప్పుడు తాళం తిప్పడం ఎప్పుడూ నా పనే. ఆయన బానెట్ దగ్గర నిలబడి పెట్రోలు ఎక్కడైనా కారుతోందేమో చూస్తారు. మసి చెప్పులు బండిలో పెట్టకూడదని ఆయన నియమం. అందుకని సీటు మీద పక్కకి కూచుని, తలుపు తెరిచే ఉంచి, కాళ్ళు బయట సిమెంటు నేల మీద పెట్టి తాళం తిప్పుతాను. బండి న్యూట్రల్‌లో ఉంటుంది కాబట్టి కాళ్ళతో పని లేదు. ఇవాళా అలాగే కూచున్నాను. బ్యాటరీ తీగ బిగించాక ఆయన చెయ్యి ఊపారు. తిప్పాను.

ఒక్క ఉదుటున అరిచింది బండి. షెడ్డు రేకులు దడదడలాడాయి. గోడ మీది పిల్లి ఒక్క దూకులో మాయమైంది.

"కాలు తియ్యి!" బానెట్ వెనక నుంచి మా ఆయన కేక. "తొక్కకు! చెబితే అర్థం కాదా నీకు, కాలు తియ్యి ముందు!"

నేను కదల్లేదు. ఇంజన్ అలాగే అరుస్తోంది. ఆయన విసురుగా పక్కకి వచ్చారు, తెరిచిన తలుపు దగ్గరికి. బ్యాంకాయన చేతిలో టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ మనిషి ఏమనుకున్నాడో, దాన్ని కిందకి వంచాడు. వెలుగు నా పాదాల మీద పడింది. రెండు పాదాలు, మసి చెప్పులు, షెడ్డు నేల మీద.

మా ఆయన నా కాళ్ళ వంక చూశారు. చాలాసేపు చూశారు. కాసేపటి క్రితం ఆయన చెప్పిన పాఠమే అది, ప్రతి ముక్కా ఆయనకి తెలుసు. అయినా ఆయన నోట్లోంచి ముందు నా కాలి తప్పే వచ్చింది. ఏదో అనబోయి పెదాలు కదిలించారు, ఆ గోలలో నాకేమీ వినపడలేదు. అరిచీ అరిచీ ఇంజన్ మెల్లగా దిగింది. ఇంకాస్త దిగింది. వణుకు లేదు. కుదురుగా, సన్నగా మోగుతూ నిలబడింది.

అప్పుడు కాళ్ళు లోపల పెట్టుకున్నాను, చెప్పులతోనే. బ్యాంకాయన బానెట్ మూశాడు. ఇటు తలుపు నేను వేసుకున్నాను. సీటు ముందుకి జరుపుకుని అద్దం నా ఎత్తుకి తిప్పుకున్నాను.

"ఎక్కడికి?" అన్నారు మా ఆయన. గొంతులో అదిలింపు లేదు. భయం ఉంది, నిజంగా నా కోసమే అయి ఉండవచ్చు.

"వంతెన దాకా. దాటాక మేడమ్‌కి ఫోన్ చేస్తాను, రేపటి నుంచి వస్తున్నానని. సాయంత్రం అమ్మాయితో మీరే మాట్లాడండి. ఆ మచ్చ ఎలా వచ్చిందో మీరే చెప్పండి."

ఆయన తలుపు మీద నుంచి చెయ్యి తీసేశారు.

గేరు వేశాను. దుప్పటి కింద నేర్చుకున్న కాళ్ళు మర్చిపోలేదు, బండి కదిలింది. గేటు దాకా బాగానే వెళ్ళింది. గేటు దగ్గర చిన్న ఎత్తు ఉంటుంది. అక్కడ తొందరపడి క్లచ్ వదిలేశాను. ఒక్క కుదుపు కుదిపి బండి ఆగిపోయింది.

అద్దంలో చూశాను. మా ఆయన, అత్తగారు, టార్చి ఆర్పడం మర్చిపోయిన బ్యాంకాయన. ఎవరూ నవ్వలేదు. గొట్టంలో గుడ్డ లేదు, నా చేత్తో చూసుకున్నాను. ఈసారి తప్పు నాదే. నిజంగా నాదైన తప్పు ఇంత తేలిగ్గా ఉంటుందని నాకిన్నాళ్ళూ తెలీదు. తాళం మళ్ళీ తిప్పాను.